వాసన తెలియనివాడు వేసిన విస్కీ మార్కులు

మా బావ రిటైరైన మూడో నెలలో విస్కీని మూల్యాంకనం చేయడం మొదలుపెట్టాడు. తాగడం అనకూడదు. తాగేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళు సాయంత్రం తాగుతారు, పకోడీలతో తాగుతారు, తాగాక పాటలు పాడతారు. మూల్యాంకనం చేసేవాళ్ళు ఆదివారం పొద్దున పదకొండు గంటలకు స్నానం చేసి, విబూది పెట్టుకుని, నిండీ నిండని కడుపుతో కూర్చుంటారు. నాలుక ఆ వేళకి బాగా చురుగ్గా ఉంటుందట. ఈ సంగతి ఆయన ఇంటర్నెట్లో ఒక కోర్సు చేసి తెలుసుకున్నాడు. కోర్సు పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి దేవుడి పటాల వరసలో, వాటికి కొంచెం పైన వేలాడదీశాడు.

బావ అంటే మా అక్క భర్త. రాయగడలో ఒక సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేశాడు. అక్కడి మాటలో బడబాబు. ఆయన సంతకం లేనిదే ఏ కాగితమూ కదిలేది కాదు, సంతకం ఉన్నా కొన్ని కదిలేవి కావు. రిటైరయ్యాక కదపడానికీ ఆపడానికీ కాగితాలు కరువై, ఇంట్లో పప్పుల డబ్బాలకు నంబర్లు వేశాడు. కందిపప్పు కావాలంటే ఏ వరసలో ఎన్నో డబ్బానో పుస్తకంలో చూసుకోవాలి. నాలుగు వారాలు భరించి అక్క, “ఏదో ఒక సరదా పెట్టుకోండి, నా వంటింట్లోంచి మాత్రం బయటికి పోండి” అంది. తర్వాత ఆ మాట అన్నందుకు చాలా బాధపడింది.

ఆయన ఏరుకున్న సరదా సింగిల్ మాల్ట్ స్కాచ్. స్కాట్లాండులో ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీ తప్ప ఇంకే గింజా కలపకుండా కాచి, చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి మూలకేసిన సారా అది. సారా అన్న మాట నేను ఆయన ముందు ఎప్పుడూ అనలేదు. సీసాలు తెచ్చిపెట్టేది ఆ వీధిలోనే ఉండే పళ్ళ డాక్టరు. ఒడియా ఆయన, తెలుగు మాకంటే శుభ్రంగా మాట్లాడతాడు. ఆయన చుట్టాలెవరో తరచూ విమానాలెక్కి దిగుతూ ఉంటారు. దిగినప్పుడల్లా ఎయిర్‌పోర్టు షాపులోంచి ఒక సీసా రాయగడ చేరుతుంది.

ఇద్దరితో క్లబ్బు కుదరదని బావ తేల్చాడు. ఇద్దరూ చెరో మాట అంటే ఏ మాట రాసుకోవాలి? మూడో మనిషి ఉండాలి, ఆ మూడో మనిషికి మంచి ముక్కు ఉండాలి. జయపురంలో ఉండే నాకు ఫోన్ చేశాడు.

“ఒరే, నీ ముక్కు నాకు కావాల” అన్నాడు.

ఆయన అడగడంలో తప్పేమీ లేదు. మా తాత పార్వతీపురం నుంచి వచ్చి జయపురంలో కొండ సరుకుల దుకాణం పెట్టాడు. చింతపండు, పసుపు, అల్లం, పిప్పళ్ళు. తాత ముక్కు నాన్నకీ, నాన్న ముక్కు నాకూ వచ్చాయి. సంతలో గోనె సంచిలోకి చెయ్యి పోనిచ్చి గుప్పెడు పసుపు కొమ్ములు తీసి మూసిన పిడికిలి ముక్కు దగ్గర పెట్టుకుంటే, అది ఎన్నాళ్ళ కిందట ఉడికిందో, సరిగా ఎండిందో లేదో, లారీలో దేని పక్కన కూర్చుని వచ్చిందో చెప్పేవాణ్ణి. దూరపు వ్యాపారులు కూడా నేను వాసన చూసిన సరుకంటే ఇంకో మాట అడగరు. ఈ సంగతి బావ రాయగడలో అందరికీ చెప్పి ఉంటాడు.

ఆయనకి తెలియని సంగతి ఒక్కటే. ఆ వానాకాలం నాకు జ్వరం వచ్చింది. అయిదు రోజులుండి పోయింది, పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది.

మొదట జలుబు అనుకున్నాను. పదిహేను రోజులకి జలుబు పోయింది, వాసన రాలేదు. ఇంగువ డబ్బా మూత తీసి తల లోపల పెట్టినంత పని చేశాను. ఏమీ లేదు. ఇంగువలో ఏమీ లేకపోవడం అంటే ఏమిటో ఆ వ్యాపారం చేసినవాడికే తెలుస్తుంది. విశాఖపట్నం వెళ్ళి ముక్కు డాక్టరుకి చూపించుకుంటే ఆయన ఎంతో దయగా, రోజూ పొద్దునా సాయంత్రం లవంగాలు, నిమ్మకాయ, నీలగిరి తైలం, ఇంకా దొరికితే ఘాటైన మసాలా దినుసులు వాసన చూడమన్నాడు. “ఇంట్లో ఉంటాయా?” అని అడిగాడు. ఉంటాయన్నాను. మా గోడౌనులో ఆయన చెప్పిన మందు గోనెల లెక్కన ఉంది. నేను రోజుకి పది గంటలు దానిమీదే కూర్చుంటాను.

ఈ విషయం బజారులో ఎవరికీ చెప్పలేదు. సంతకి వెళ్ళడం మానలేదు. ఎప్పటిలాగే సంచిలో చెయ్యి పెట్టేవాణ్ణి, పిడికిలి ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి, కళ్ళు మూసుకునేవాణ్ణి, అయిదు అంకెలు లెక్కపెట్టి తల ఆడించేవాణ్ణి. ఎవరూ కనిపెట్టలేదు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళు నమ్మింది నా ముక్కునా, తల ఆడించడాన్నా అని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

మా ఆవిడ దగ్గర మాత్రం దాగలేదు. బొయిపరిగుడ సంతలో ఆరు సంచుల పసుపు వాసన చూసి, తల ఆడించి, ఇంటికి తెచ్చాను. ఆటోలోంచి దింపుతుండగానే ఆవిడ గుమ్మంలోంచి, “ఏటండీ ఈ కిరసనాయిలు కంపు?” అంది.

“ఎక్కడ?” అన్నాను.

ఆవిడ సంచుల వైపు చూసింది, నా వైపు చూసింది. దగ్గరికొచ్చి సంచిలోంచి ఒక కొమ్ము తీసి నా ముక్కు కింద పెట్టింది. నేను కళ్ళు మూసుకుని అయిదు అంకెలు లెక్కపెట్టబోయాను.

“నాటకాలాడకండి నా కాడ” అంది మెల్లగా. “ఎన్నాళ్ళయ్యింది?”

చెప్పాను. మర్నాటి నుంచి ఆవిడ దుకాణానికి వచ్చిన ప్రతి సరుకులోంచి గుప్పెడు చెంగులో మూటగట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, వాసన చూసి, బయటికొచ్చి మంచినీళ్ళ గ్లాసు ఇస్తున్నట్టు నా దగ్గర వంగి చెవిలో చెప్పేది. నేను అదే మాట గట్టిగా చెప్పేవాణ్ణి. మా వ్యాపారం అలా పరువుగా నడుస్తోంది.

బావ ఫోను వచ్చింది అప్పుడే. కాదంటే కారణం చెప్పాలి. కారణం బావకి చెబితే రాయగడకి చెప్పినట్టు, రాయగడకి చెబితే రైలెక్కి జయపురం వస్తుంది. మా ఆవిడని అడిగాను.

“ఎల్లండి. ఘాటు వాసనలు సూడమన్నాడు కదా డాక్టరు” అంది. “ఇదీ ఒక మందే అనుకోండి.”

అలా నేను వైద్యం కోసం విస్కీ మొదలుపెట్టాను.

రాయగడలో బావ ముందుగది చూస్తే పరీక్ష హాలులా ఉంది. తెల్ల దుప్పటి పరిచిన బల్ల, ఒక్కొక్కరి ముందు తామరమొగ్గ ఆకారంలో నాలుగు గ్లాసులు, చుక్కలు వేయడానికి కంటి మందు చుక్కల గొట్టం, నోరు కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్ళు. వాసన చెదిరిపోతుందని ఫ్యాను ఆపారు. బయటి వాసన లోపలికి వస్తుందని కిటికీలు మూశారు. ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఆదివారాలు ఒంటిగంట దాటేదాకా ఇంట్లో తాలింపు పెట్టకూడదని అక్కకి హుకుం. అక్క వంటింట్లో గరిట పట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది.

బావ ఒక ఫారం తయారుచేశాడు. ముక్కుకి ఇరవై అయిదు మార్కులు, నోటికి ఇరవై అయిదు, గొంతు దిగాక నోట్లో మిగిలేదానికి ఇరవై అయిదు, మొత్తం పొందికకి ఇరవై అయిదు. మూడు కాపీలు. కింద “పరిశీలించితిని” అని సంతకానికి గీత. ఆఫీసు వదిలినా ఆయన వేలు ఆ గీతని వదల్లేదు.

“ముందు రంగు సూడు. కాగితం మీద పెట్టి సూడు. తరవాత తిప్పు. గోడల మీంచి జారే ధారలు సూడు. అప్పుడు ముక్కు పెట్టు, నోరు కొంచెం తెరు” అన్నాడు.

నోరు కొంచెం తెరిచాను. ముక్కులో మంట పుట్టింది. వాసన పోయినా మంట తెలుస్తుంది, నాలుకకి తీపీ చేదూ తెలుస్తాయి, అంతే. ఆ విస్కీ మంటగా, కొంచెం తియ్యగా ఉంది. దగ్గు మందు కూడా అలాగే ఉంటుంది.

పళ్ళ డాక్టరు ముందుగా చెప్పాడు. “తేనె. ఆపిలు. కొంచెం వెనీలా.” కోర్సు పుస్తకంలో మొదటి పేజీలో ఉన్న మూడు మాటలూ అవే.

బావ నా వైపు తిరిగి పెన్ను మూత తీశాడు. “నువ్వు సెప్పు. నీకేటి తగులుతోంది?”

ఏమీ తగలడం లేదు. కాని ఆ మూత తీసిన పెన్ను ముందు ఏమీ లేదని చెప్పడానికి నోరు రాలేదు. కళ్ళు మూసుకున్నాను. అయిదు అంకెలు లెక్కపెట్టాను. నాకు తెలిసిన వాసనలన్నీ మా గోడౌనులోవే కాబట్టి అందులోంచే ఒకటి తీశాను.

“గోనె సంచి” అన్నాను. “తొలి వాన పడ్డాక, తడిసి, మళ్ళీ ఎండిన గోనె సంచి.”

ఇద్దరూ గ్లాసులు దించి నా వైపు చూశారు. పోయింది, దొరికిపోయాను అనుకున్నాను. పళ్ళ డాక్టరు గ్లాసు మళ్ళీ ఎత్తి ముక్కు లోపలికంటా పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. మొహం వెలిగింది.

“ఆజ్ఞా! సంచి! స్పష్టంగా సంచి!” అన్నాడు. ఆజ్ఞా అంటే ఒడియాలో మర్యాదగా అవునండీ అని.

బావ కూడా వాసన చూసి తల పంకించి, “తడిసి ఎండిన గోనె” అని రాసుకున్నాడు. ముక్కుకి ఇరవై రెండు వేశాడు.

ఆ రోజు నాలుగు గ్లాసుల్లో నేను గోనె సంచి, పాత చింతపండు కుండ అడుగు, ఎండు అల్లం మీది పొట్టు, లారీ టార్పాలిన్ వాసన పట్టాను. వాళ్ళిద్దరికీ అన్నీ తగిలాయి. టార్పాలిన్ మాత్రం డాక్టరుకి కొంచెం ఆలస్యంగా తగిలింది. రెండు చుక్కలు నీళ్ళు వేశాక బయటపడింది.

నెలకో ఆదివారం వెళ్ళేవాణ్ణి. ముక్కు ఉన్నన్నాళ్ళూ నాకు రాని పేరు ముక్కు పోయాక వచ్చింది. నేను ఏం చెబితే అది సీసాలో దొరికేది. ఒకసారి పరీక్షించడానికని “తాళాల గుత్తి” అన్నాను. డాక్టరు పది నిమిషాలు వాసన చూసి, “ఇత్తడిదా, ఇనుపదా?” అని అడిగాడు. ఇత్తడిది అన్నాను. ఆయన తృప్తిగా రాసుకున్నాడు.

నాకు సిగ్గు వేసేది కాదని చెప్పను. రాయగడ నుంచి వెనక్కి వచ్చే రైల్లో, సొరంగాల చీకట్లో నా మొహం కిటికీ అద్దంలో కనిపించినప్పుడు వేసేది. సొరంగం దాటగానే పోయేది. బజారులో నేను చెబుతున్నది నిజం, అది మా ఆవిడ ముక్కుతో. ఇక్కడ చెబుతున్నది అబద్ధం, అది నా సొంత తెలివితో. ఈ రెండోదానికే నాకు చప్పట్లు. నిజం చెప్పాలంటే, వచ్చే నెల ఏం చెప్పాలా అని ముందుగానే గోడౌనులో తిరిగి మాటలు ఏరుకునేవాణ్ణి కూడా.

ఇలా ఉండగా బావకి ఆశ పెరిగింది. భువనేశ్వర్‌లో ఇలాంటివాళ్ళ సంఘం ఒకటి ఉందట. మా క్లబ్బు ఫారాలు వాళ్ళకి పంపి, గుర్తింపు అడగాలని నిర్ణయించాడు. నా మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చి టైపు చేయించాడు. తాళాల గుత్తికి ఇంగ్లీషులో కూడా గౌరవం తగ్గలేదు. చివరగా ఒక గట్టి సీసా మూల్యాంకనం చేసి, అది కూడా కలిపి పంపుదామన్నాడు.

ఆ గట్టి సీసా ఎండాకాలం మొదట్లో వచ్చింది. స్కాట్లాండుకి పడమట ఏదో దీవి నుంచి. అక్కడ కుళ్ళిన నాచు నిండిన బురదని తవ్వి, ఇటికెలుగా ఎండబెట్టి, వాటిని కాల్చిన పొగ మీద బార్లీని ఆరబెడతారట. మాఘం దాటింది, మూసిన గదిలో మేం ముగ్గురం ఆవిరికి పెట్టిన కుడుముల్లా ఉన్నాం. మొదటి మూడు గ్లాసులూ మామూలుగా నడిచాయి. నేను ఒక ఎండు కరక్కాయ, ఒక పాత గొడుగు చెప్పాను. నాలుగోది ఆ దీవిది. దానికి “చెప్పుల దుకాణం” అని ముందే అనుకుని ఉంచుకున్నాను.

గ్లాసు ఎత్తాను. నోరు కొంచెం తెరిచాను.

పొగ.

మంట కాదు, పొగ. పసుపు తవ్వే రోజుల్లో పల్లెల్లో పెద్ద డ్రమ్ముల్లో కొమ్ములు ఉడకబెడతారు. కట్టెలు చాలక పచ్చి ఆకులూ కొమ్మలూ పొయ్యిలో తోస్తారు. అవి మండకుండా ఉక్కిరిబిక్కిరవుతాయి. ఆ పొగా, ఉడికే పసుపు మందు వాసనా కలిసి కళ్ళంలో నిలబడినవాడి చొక్కాకి పట్టుకుంటే రెండు ఉతుకులకి పోదు. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ వాసనలో నిలబడ్డాను. ఈ ఏడు కూడా నిలబడ్డాను. చూశాను కాని వాసన లేదు, టీవీలో పొగలా ఉంది. ఇప్పుడు అది రాయగడలో, తెల్ల దుప్పటి మీద, గాజు మొగ్గలోంచి వస్తోంది.

గ్లాసు దించితే పోతుందేమోనని భయం. అలాగే పట్టుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వచ్చాయి. ముక్కు కూడా కారింది. తుడుచుకోలేదు, తుడిస్తే ముక్కు మళ్ళీ మూసుకుంటుందేమోనని.

“సూసేరా!” అన్నాడు బావ గొంతు తగ్గించి, డాక్టరుతో. “గొప్ప విస్కీ అంటే ఇదీ. మనిషిని ఏడిపించీసింది.” పెన్ను తీసి ముక్కు గడిలో ఇరవై అయిదుకి ఇరవై అయిదు వేశాడు. “సెప్పరా. ఏటి తగిలింది?”

“వాసన” అన్నాను.

“అదే, ఏ వాసన?”

“వాసన తగిలింది బావా. ఎనిమిది నెలల్నుంచి నాకు ఏ వాసనా తెల్దు. జ్వరంలో పోయింది. ఇప్పుడే వచ్చింది.”

బావ పెన్ను గాల్లో ఆగిపోయింది. డాక్టరు నవ్వాడు, హాస్యం అనుకుని. తానొక్కడే నవ్వుతున్నాడని తెలుసుకుని ఆపేశాడు.

“మరి గోనె సంచి?” అన్నాడు డాక్టరు.

“లేదండీ. ఊరికే అన్నాను.”

“లేదనకండి” అన్నాడు ఆయన, నిజంగా బాధగా. “నాకు వచ్చింది. నేను స్వయంగా వాసన చూశాను. మీకు రాకపోతే మీ ఇష్టం. నా సంచి మాత్రం ఉంది.”

బావ ఫారాల ఫైలు దగ్గరికి లాక్కుని నా పేరున్న కాగితాలు ఒక్కొక్కటీ తీసి, అడ్డంగా గీత కొట్టి, గీత పక్కన తేదీతో సహా సంతకం పెట్టాడు. అన్నీ అయ్యేదాకా మేమిద్దరం కూర్చుని చూశాం. ఆఖరి కాగితం మీద ఇరవై అయిదుకి ఇరవై అయిదు ఉంది. అది కూడా కొట్టేశాడు.

అక్క వంటింట్లోంచి వచ్చింది. మాటలన్నీ వినే ఉంది.

“నాకు మొదటి రోజే తెలుసు” అంది. “ఆ రోజు పులిహోర పెట్టేను. తాలింపు వద్దన్నారని ఇంగువ ఎయ్యలేదు. వీడు రెండోసారి పెట్టించుకుని, ‘ఇంగువ బాగా పడిందక్కా’ అన్నాడు. సాయంత్రం మరదలికి ఫోన్ సేసి అడిగేను. నిజమే వదినా, ఎవులితో అనకండి అన్నాది.”

“నాకెందుకు సెప్పలేదు?” అన్నాడు బావ.

“మీకు సెప్తే వీణ్ణి రానిస్తారేటి? ఘాటు వాసనలు సూస్తే ముక్కు వస్తుందని విశాఖపట్నం డాక్టరు సెప్పేడంట. మీ ఇంట్లో ఇంతకంటే ఘాటుది ఏటున్నాది?” అని, గడియారం చూడకుండానే వెనక్కి వెళ్ళి తాలింపు పెట్టింది. ఆవాలు చిటపటమన్నాయి. ఆ వాసన నాకు రాలేదు. పొగ ఒక్కటే వచ్చింది, మిగతావి తర్వాత ఒక్కొక్కటీ తీరిగ్గా రావడం మొదలుపెట్టాయి.

తర్వాతి ఆదివారానికి నన్ను మళ్ళీ పిలిచారు. బావ పిలవలేదు, డాక్టరు పిలిచాడు. ఇప్పుడు నిజమైన ముక్కు ఉంది కాబట్టి నిజమైన మార్కులు వేయొచ్చన్నాడు. వెళ్ళాను. మొదటి గ్లాసు వాసన చూశాను.

“ఏం తగిలింది?” అన్నాడు ఆశగా.

“విస్కీ” అన్నాను.

రెండోది?

“ఇది కూడా విస్కీయే. దానికంటే కొంచెం మంచిది.”

మూడో గ్లాసుకి “కొంచెం కిరసనాయిలు, కాదేమో” అన్నాను. నిజం చెబుతున్నవాడికి మాటలు దొరకవని అప్పుడు తెలిసింది. డాక్టరు మర్యాదస్తుడు, నోరు కడుక్కోవడానికి నీళ్ళు నా వైపు జరిపాడు. బావ ఫారం మీద “వివరణ సంతృప్తికరముగా లేదు” అని రాశాడు. ఆ తర్వాత నన్ను పిలవలేదు. ముక్కు లేనన్నాళ్ళూ క్లబ్బుకి నేను ఆధారం, ముక్కు వచ్చాక దండగ.

రెండు నెలలు బావ ఫోన్ చేయలేదు. అక్క చేస్తే వెనకనుంచి ఆయన దగ్గు వినిపించేది. నేను పెళ్ళిళ్ళలో పలకరించినా “ఊఁ” అనేవాడు. ఆయన అలిగితే నాకు నవ్వు రావాలి, రాలేదు. ఆ మనిషి రిటైరయ్యాక ఇష్టపడి చేసిన ఒక్క పనిలో నేను గోనె సంచులు నింపాను. భువనేశ్వర్‌కి పంపాల్సిన ఫైలు పంపనే లేదని అక్క చెప్పింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం జయపురంలో మా దుకాణం ముందు ఆటో ఆగింది. బావ దిగాడు. చంకలో గుడ్డ సంచి. దుకాణంలో నేనూ మా ఆవిడా ఉన్నాం. ఆయన మా ఆవిణ్ణి పలకరించి, నన్ను చూడనట్టే దాటుకుని, వెనక గోడౌనులోకి వెళ్ళి చింతపండు బుట్టల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను వెనకాలే వెళ్ళాను. సంచిలోంచి ఆ దీవి సీసా తీశాడు, సగం ఉంది. రెండు స్టీలు గ్లాసులు అడిగాడు. స్టీలు గ్లాసులు! ఏదో ఘోరం జరిగిందనుకున్నాను.

పోసుకుని, తిప్పకుండా, రంగు చూడకుండా ఒక గుక్క తాగాడు.

“ఒరే, ఒక మాట అడుగుతాను. ఆ రోజు నీకు వచ్చింది నిజంగా వచ్చిందా?”

“వచ్చింది బావా.”

“ఎలగుంటాదిరా అది?”

నాకు అర్థం కాలేదు. ఆయన గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

“ఆఫీసులో సేరిన ఏడాది పొడుం అలవాటయ్యింది. నిద్ర రాకుండా. ముప్పై అయిదేళ్ళు పీల్చేను. మీ అక్క తిట్టి తిట్టి మాన్పించింది గానీ, అప్పటికే లోపల ఏటీ మిగల్లేదు. నాకు ఘాటు తెలుస్తాది, అంతే. కోర్సులో వాళ్ళు తేనె అంటే తేనె అన్నాను, వెనీలా అంటే వెనీలా అన్నాను. వెనీలా అంటే ఏటో కూడా నాకు తెల్దు.” ఇంకో గుక్క తాగాడు. “నువ్వు గోనె అన్నప్పుడు, పోనీలే, వీడికైనా తెలుస్తంది కదా, నాను రాసి పెడతాను అనుకున్నాను. తీరా నువ్వూ నాలాగే.”

ఎదురెదురుగా కూర్చుని నెలల తరబడి లేని వాసనలకి మార్కులు వేసుకున్న ఇద్దరు ముక్కు లేనివాళ్ళం. సాక్షిగా పళ్ళ డాక్టరు, ఆయన సంచి. ముందు బావ నవ్వాడు. తర్వాత నేను నవ్వాను. గోడౌనులోంచి ఆ నవ్వులు విని మా ఆవిడ లోపలికి వచ్చింది.

“ఏటన్నయ్యా, పట్టపగలు ఇదేటి?” అని నా గ్లాసు లాక్కుంది. పారబోయడానికే లాక్కుంది. కాని అలవాటు చొప్పున, పారబోసే ముందు ఒకసారి ముక్కు దగ్గరికి తీసుకుంది. ఆగింది.

“రైలు పట్టాల కింద పాత చెక్కలు” అంది.

బావ నవ్వడం ఆపాడు.

ఆవిడ పుట్టింది పార్వతీపురంలో. వాళ్ళ నాన్న రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. “ఇప్పుడు సిమెంటువి ఏసేసేరు గానీ, మా సిన్నప్పుడు చెక్కలే” అంది. “నల్లటి నూనె పట్టించి ఏసేవోరు. మే నెల ఎండకి అది కరిగి పైకి వచ్చేది. ఆ వాసన. దాని ఎనకాల ఇంకోటున్నాది, ఉండండి.” మళ్ళీ వాసన చూసింది. “ఉప్పు చల్లిన పచ్చి మామిడి ముక్క. కోసి చాలాసేపయ్యింది, అంచులు నల్లబడ్డాయి. ఛీ, దీన్నేనా మీరు అంత సంబరంగా తాగుతున్నారు?”

బావ లేచి నిలబడ్డాడు. జేబులు తడుముకున్నాడు. పెన్ను దొరికింది, కాగితం దొరకలేదు. చింతపండు బుట్ట మీది అట్టముక్క చింపాడు.

“సెల్లమ్మా, మామిడి కాడ్నుంచి మళ్ళీ ఓసారి సెప్పు. మెల్లగా” అన్నాడు.

ఆవిడ చుక్క కూడా నోట్లో పోసుకోదు. ముక్కు మార్కులు వేస్తుంది, మిగతా గడులకి అడ్డగీత. డాక్టరు ఇప్పుడు నెలకోసారి సీసాలు పట్టుకుని రాయగడ నుంచి జయపురం వస్తాడు, అక్కాబావలతో కలిసి. ఆదివారం పొద్దున మా వంటింటి పక్కగదిలో కూర్చుంటారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, నాలుగు గ్లాసులూ వాసన చూసి, చెప్పాల్సింది చెప్పి, పోపు మాడుతోందని వెళ్ళిపోతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆమెకి అడ్డు రాదట. సంతలో కూడా ఇప్పుడు చెవిలో చెప్పడాలు లేవు. రైతులు నేరుగా ఆమె ముందే సంచి విప్పుతున్నారు, నేను డబ్బు సంచి పట్టుకుని పక్కన నిలబడుతున్నాను. నా ముక్కు సగానికి పైగా వచ్చింది. అల్లం తెలుస్తుంది, చింతపండు తెలుస్తుంది, పొగ బాగా తెలుస్తుంది. ఇంగువ ఇంకా రాలేదు.